రూపాయి పన్ను, పూట పన్ను

(చీరాలలో చేనేత కుటుంబాలు, చిన్న వ్యాపారులు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగానికి లిఖిత పాఠం)

సభకు నమస్కారం.

పన్నులు తగ్గాలి, ప్రభుత్వం తన కాళ్ళూ చేతులూ కాస్త ముడుచుకోవాలి అని మాట్లాడదలచినవాడికి చీరాలను మించిన వేదిక తెలుగునేల మీద దొరకదని నా నమ్మకం. ఈ మాట వినగానే మనకు పెద్ద కంపెనీలు, ఆదాయపు పన్ను కట్టే ఉద్యోగులు, టీవీ చర్చల్లో కూర్చునే ఆర్థికవేత్తలు గుర్తుకొస్తారు. కానీ నూరేళ్ళ కిందటే ఈ మాట అని, అని ఊరుకోకుండా ఇళ్ళకు తాళాలు వేసి మరీ నిరూపించినవాళ్ళు, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని బతికిన మనుషులు. ఆ మనుషుల మనవలూ మునిమనవలూ ఈ సభలో ఉన్నారు కాబట్టి నేను కొత్తగా చెప్పేదేమీ ఉండకపోవచ్చు. అయినా ఆ కథలో లెక్కల భాగాన్ని మనం సరిగా చెప్పుకోలేదని నాకు అనిపిస్తుంది.

చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేట కలిసి ఒక యూనియన్‌గా, అంటే మునిసిపాలిటీ కంటే చిన్న స్థానిక సంస్థగా ఉన్న రోజుల్లో ఇక్కడ వసూలయ్యే పన్ను ఏడాదికి సుమారు 4 వేల రూపాయలు. 1919లో మద్రాసు ప్రభుత్వం దీన్ని మునిసిపాలిటీగా మార్చాలని తలపెట్టింది. ఊరి బాగు కోసమే, పారిశుద్ధ్యం కోసమే అని చెప్పింది. దాంతో పన్ను 40 వేల రూపాయల దాకా పెరిగింది. జనాభా 15 వేలని పెట్టుకుని స్థూలంగా లెక్కిస్తే, అయిదుగురున్న ఇంటికి ఏడాదికి ఒక రూపాయి అయిదణాలుగా ఉన్న బరువు పదమూడు రూపాయలు దాటిందన్నమాట. అంత సొమ్ము తీసుకుని ఇచ్చేదేమిటో జనానికి అర్థం కాలేదు. అర్జీలు పెట్టారు, సభలు పెట్టారు, కౌన్సిలర్లు రాజీనామాలు చేశారు, పన్ను కట్టబోమన్నవారిలో పన్నెండుమంది జైలుకు వెళ్ళారు, వారిలో ఒక స్త్రీ కూడా ఉన్నది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, ఆయన నడిపిన రామదండు అనే స్వచ్ఛంద సేవకుల దళం ఊరికి వెన్నెముకగా నిలిచారు. బెజవాడ కాంగ్రెస్ సమావేశం ముగిశాక 1921 ఏప్రిల్‌లో గాంధీజీ ఇక్కడికి వచ్చినప్పుడు రెండు దారులు చూపించారు: అహింసతో పన్ను నిరాకరించి దాని ఫలితాన్ని అనుభవించడం ఒకటి, మునిసిపల్ హద్దు దాటి ఊరే వదిలి వెళ్ళిపోవడం రెండోది. మనవాళ్ళు రెండోదాన్ని ఎంచుకున్నారు. పదమూడు వేల పైచిలుకు మంది సామాన్లు, పశువులు, ముసలివాళ్ళు, పసిపిల్లలతో సహా పొలిమేర దాటి, గుడిసెలు వేసుకుని, ఆ చోటికి రామనగరమని పేరు పెట్టుకుని పదకొండు నెలలు ఉన్నారు.

దీన్ని మనం స్వాతంత్ర్య పోరాటంలో ఒక అధ్యాయంగా చదువుకుంటాం, అది న్యాయమే. కానీ ఆ పదమూడు వేలమందినీ ఎండలోకి నడిపించింది దేశభక్తి ఒక్కటే అనుకుంటే మనవాళ్ళ తెలివిని తక్కువ చేసినట్టవుతుంది. వాళ్ళు వేసుకున్న లెక్క చాలా సాదాది. ఏడాదికి పదమూడు రూపాయలంటే ఎన్ని చీరల మజూరీ, ఆ మజూరీ పోగా ఇంట్లో ఎన్ని రోజులు పొయ్యి వెలగదు అన్నది ఆ లెక్క. పన్ను గురించి ఏ రాజధానిలో ఏ ఆర్థికశాఖ లెక్క వేసినా, ఈ లెక్కకు జవాబు చెప్పి తీరాలని నా వాదన.

నా సంగతి కూడా చెప్పుకోవాలి. నేను వాణిజ్య పన్నుల శాఖలో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరైన మనిషిని. వసూలు చేసినవాడే తగ్గించమని చెబితే దయ్యాలు వేదాలు వల్లించినట్టుందని మీలో కొందరు అనుకోవచ్చు. అనుకోండి. కానీ బల్లకు అటువైపు కూర్చున్నవాడికి కనిపించేవి కొన్ని ఉంటాయి, అవే ఈరోజు మీ ముందు పెడతాను.

ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్ళలో, ఒక ఊళ్ళో, నాలుగు బల్లల టిఫిన్ హోటల్ నడుపుకునే ఒకామెకు మా కార్యాలయం నుంచి నోటీసు వెళ్ళింది. పాత అమ్మకపు పన్ను రోజులవి. లెక్కలో 340 రూపాయలు తేడా వచ్చిందని ఆ కాగితం సారాంశం. ఆమె మొదటిసారి వచ్చిన రోజు సంబంధిత గుమాస్తా సెలవులో ఉన్నాడు. రెండోసారి వచ్చినప్పుడు ఫైలు అధికారి దగ్గర ఉంది, అధికారి క్యాంపుకు వెళ్ళాడు. మూడోసారి పాత చలానా జిరాక్సు కావాలన్నారు, నాలుగోసారి ఆ జిరాక్సు మీద సీలు సరిగా కనిపించడం లేదన్నారు. వచ్చిన ప్రతిసారీ ఆమె ఉదయం తొమ్మిదిన్నరకల్లా పొయ్యి ఆర్పి, బల్లలు బోర్లించి, బస్సు పట్టుకోవాలి. అయిదోసారి వచ్చినప్పుడు వరండాలో నిలబడి, నా వైపు చూసి, కోపం లేకుండానే ఒక మాట అడిగింది: "బాబూ, మీ నోటీసు 340 రూపాయలకు. ఈ తిరుగుడులో నా పిండి రెండుసార్లు పులిసి పారబోశాను. దాన్ని మీరు ఏ పద్దులో రాస్తారు?" ఆ తేడా కూడా ఆమెది కాదు, మా కూడికలో పడిన తప్పు. అది ఏడోసారి తేలింది.

ఆ పిండికి పద్దు లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. బడ్జెట్ పుస్తకాల్లో పన్ను అంటే ఖజానాకు చేరిన రూపాయి మాత్రమే. కష్టజీవి ఇంటికి మాత్రం పన్ను రెండు రకాలుగా పడుతుంది. ఒకటి రూపాయి పన్ను, రెండోది పూట పన్ను. రోజుకు 500 రూపాయలు పడే చేతికి ఒక పూట పోతే 250 రూపాయలు పోయినట్టే, పైగా అది ఖజానాకు కూడా చేరదు, ఎవరికీ చేరకుండా గాలిలో కలిసిపోతుంది. జీతగాడు కార్యాలయం చుట్టూ తిరిగితే సెలవు పెట్టుకుంటాడు, పెద్ద వ్యాపారి తన ఆడిటరును పంపిస్తాడు, నేతగాడు మాత్రం మగ్గం ఆపి తానే వెళ్ళాలి. పడుగు మీద పేక పడని ఆ పూటకు, నూలిచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ మజూరీ కట్టడు కదా. పిల్ల స్కాలర్‌షిప్పుకు ఆదాయ ధ్రువపత్రం, కొడుకు కాలేజీకి కుల ధ్రువపత్రం, ఇంటి మీద ఇంకో గది వేసుకుంటే ప్లాను, మీటరు పేరు మార్చుకోవాలంటే అఫిడవిట్, ఇలా ఏడాదిలో ఎన్ని పూటలు పోతున్నాయో మీ ఇంట్లో ఒకసారి గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టి చూడండి. అందుకే నా దృష్టిలో పన్ను తగ్గించడం, ప్రభుత్వాన్ని కుదించడం రెండు వేరు పనులు కావు. మొదటిది రూపాయిని మిగులుస్తుంది, రెండోది పూటను మిగులుస్తుంది, ఒకటి చేసి రెండోది వదిలేస్తే మిగిలింది కాస్తా ఆ రెండో కంతలోంచి కారిపోతుంది.

ఇక్కడ ఒక పాత భ్రమ గురించి చెప్పాలి. ఉన్నవాడి మీద పన్ను విపరీతంగా పెంచితే లేనివాడికి మేలు జరుగుతుందని మన దేశం చాలాకాలం నమ్మింది. 1973-74లో ఆదాయపు పన్ను అత్యధిక శ్లాబు, సర్‌ఛార్జీతో కలిపి 97.75 శాతం. అంటే ఆ మెట్టు దాటాక సంపాదించిన ప్రతి వంద రూపాయల్లో రెండు రూపాయల పావలా మిగులుతుంది. ఆ పావలా కోసం నిజమైన లెక్క రాసేవాడెవడు? నల్లధనం పెరిగింది, రెండు ఖాతా పుస్తకాల వ్యాపారం పెరిగింది, పన్ను ఎగ్గొట్టడం తెలివితేటలుగా చెలామణీ అయింది. పేదవాడికి దక్కింది మాత్రం కిరోసిన్ క్యూ. ఆ రేటును మరుసటి ఏడాదే 77 శాతానికి దించారు, 1980ల నడుమకు 50 శాతానికి, 1997లో 30 శాతానికి తెచ్చారు. ఆదాయపు పన్ను వసూళ్ళు నిజంగా పెరిగింది రేట్లు దిగిన తరువాతే. ఈ విషయంలో మన పక్కనున్న నిడుబ్రోలు మనిషి ఎన్.జి. రంగా ముందే హెచ్చరించారు. 1959లో రాజాజీతో కలిసి స్థాపించిన స్వతంత్ర పార్టీకి ఆయన తొలి అధ్యక్షుడు, ప్రతి పనికీ ప్రభుత్వ అనుమతి కావాలనే పాలనను ఎత్తిపొడుస్తూ రాజాజీ 'పర్మిట్-లైసెన్స్ రాజ్' అన్న మాటను ప్రచారంలోకి తెచ్చింది ఆ రోజుల్లోనే. ఆ పార్టీని జమీందార్ల పార్టీ అని వెక్కిరించారు, అందులో కొంత నిజం లేకపోలేదు, సంస్థానాధీశుల పక్కన కూర్చుని కూలివాడి గురించి మాట్లాడితే ఎవరు నమ్ముతారు? కానీ చెప్పినవాడు ఎవడన్నది పక్కన పెడితే, చెప్పిన సంగతి తప్పు కాదు.

ఇప్పుడు మన రోజులకు వద్దాం. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో, ఆదాయపు పన్ను కొత్త విధానంలో 12 లక్షల రూపాయల దాకా ఆదాయానికి పన్ను లేకుండా చేశారు. నేను దాన్ని స్వాగతించాను. అయితే ఈ సభలో చేతులెత్తమంటే, ఆ ప్రకటన వల్ల తన ఇంట్లో ఒక్క రూపాయి మిగిలిందని చెప్పగలిగేవాళ్ళు ఎందరుంటారు? ఆదాయపు పన్ను ఎన్నడూ కట్టనివాడికి దాని తగ్గింపు వల్ల నేరుగా ఒరిగేదేమీ లేదు. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీలో వచ్చిన మార్పు మీ ఇంటికి దగ్గరగా వచ్చింది. 12, 28 శాతం శ్లాబులు పోయి ప్రధానంగా 5, 18 మిగిలాయి, సబ్బు, తలనూనె, టూత్‌పేస్టు 18 నుంచి 5కు దిగాయి, పిల్లల నోటు పుస్తకాల మీద, పెన్సిళ్ళ మీద పన్ను పోయింది, సొంతంగా తీసుకునే జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియం మీద 18 శాతం పోయింది, కుట్టుమిషను 12 నుంచి 5కు వచ్చింది. కష్టజీవికి పన్ను తగ్గించడమంటే ఇది. వాడు పన్ను కట్టేది ఫారాల్లో కాదు, కిరాణా కొట్టులో. తగ్గించడం అక్కడి నుంచే మొదలు కావాలి.

కానీ అక్కడితో ఆగకూడదు. ఎవరూ మాట్లాడని ఒక పన్ను గురించి చెబుతాను, ఇది నా పాత శాఖదే కాబట్టి నాకు బాగా తెలుసు. వృత్తి పన్ను. మన రాష్ట్రంలోనూ తెలంగాణలోనూ నెల జీతం 15 వేలు దాటితే 150 రూపాయలు, 20 వేలు దాటితే 200 రూపాయలు. రాజ్యాంగం 276వ అధికరణం ప్రకారం ఏడాదికి 2,500 రూపాయలకు మించి వసూలు చేయరాదు కాబట్టి ఆ పైన ఎంత సంపాదించినా అదే 200. ఇప్పుడు లెక్క చూడండి. బట్టల షాపులో నిలబడి నెలకు 16 వేలు తెచ్చుకునే అమ్మాయి ఏడాదికి 1,800 కడుతుంది. నెలకు 2 లక్షలు అందుకునే ఉద్యోగి 2,400 కడతాడు. పన్నెండున్నర రెట్లు జీతం, ఒకటింపావు... కాదు, ఒకటీ మూడోవంతు రెట్లు పన్ను. జీతంలో వంతుగా చూస్తే ఆమె మీద బరువు అతని కంటే తొమ్మిది రెట్లు ఎక్కువ. ఆ 1,800 రూపాయలు ఖజానాకు చీమతలకాయంత, ఆమెకు మాత్రం పండగ బట్టలు. పైగా అది జీతం చేతికి రాకముందే కోసేస్తారు కాబట్టి, పోయిందని ఆమెకు తెలియదు. నెలకు 30 వేల లోపు జీతాలకు దీన్ని ఎత్తేయాలన్నది నా మొదటి కోరిక. దీనికి ఢిల్లీ దాకా వెళ్ళాల్సిన పని లేదు, రాష్ట్రం తలచుకుంటే చాలు.

పెట్రోలు సంగతీ అంతే. మన రాష్ట్రంలో లీటరు పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దాని పైన నాలుగు రూపాయలు, రోడ్డు సెస్సు మరో రూపాయి. లీటరు 110 రూపాయల దరిదాపుల్లో ఉన్నప్పుడు కేంద్రం తీసుకునేది కాక, రాష్ట్రానికి చేరేదే దాదాపు 30 రూపాయలు. కారులో వెళ్ళేవాడికీ, సైకిలు మోటారు మీద చీరల మూట కట్టుకుని ఒంగోలు వెళ్ళేవాడికీ రేటు ఒకటే. ఇక మగ్గం దగ్గరకు వస్తే, 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక నూలు మీద 5 శాతం, నేసిన బట్ట మీద 5 శాతం, రంగుల మీద 18 శాతం. కొన్న నూలు మీద కట్టింది తరువాత సర్దుబాటవుతుందని అంటారు. అవుతుంది, రిజిస్ట్రేషను ఉండి, నెలనెలా రిటర్ను వేసి, దానికి అకౌంటెంటుకు డబ్బిచ్చుకునేవాడికి. ఇంటి ముందు ఆసు పోసుకుని, షావుకారు దగ్గర నూలు తెచ్చుకునేవాడికి ఆ సర్దుబాటు సినిమా తెరమీది భోజనంలాంటిది.

సరే, తగ్గించడం మొదలుపెట్టిన తరువాత ఏం జరుగుతుంది? ఇక్కడే మన నాయకులు మనతో నిజం మాట్లాడరు. ఒక పన్ను తీసేసి, దాని బదులు ఏ ఖర్చు మానుకుంటారో చెప్పకపోతే, ఆ పన్ను ఇంకో వేషం వేసుకుని వెనక గుమ్మంలోంచి లోపలికి వస్తుంది. దీనికి మన దగ్గరే పెద్ద ఉదాహరణ ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం చివరికి 1995లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టేదాకా నడిచింది. కూలివాడి జేబులోంచి ప్రభుత్వం రోజూ సాయంత్రం తీసుకుంటున్న అతిపెద్ద పన్ను అది, దాన్ని ఆపించిన ఘనత ఆ తల్లులదే. కానీ ఆ ఆదాయం మీదే ఆధారపడ్డ ఖర్చులను ఎవరూ ముట్టుకోలేదు. మరుసటి ఏడాది కిలో రెండు రూపాయల బియ్యం మూడున్నరకు పెరిగింది, కరెంటు ఛార్జీలు పెరిగాయి, 1997లో నిషేధమే సడలిపోయింది. ఆ తరువాత ఏ పార్టీ వచ్చినా ఖజానాకు ఆ సీసాలే దిక్కయ్యాయి. భర్త చేత సాయంత్రం దుకాణంలో కట్టించుకుని, అందులో కొంత భార్య ఖాతాలో వేసి, దానికి ఒక పథకం పేరు పెట్టి, ఫొటో అచ్చేసుకోవడం ఏ రకం సంక్షేమమో నాకు ఇప్పటికీ బోధపడలేదు. ఆ కుటుంబం నుంచి అసలు తీసుకోకుండా ఉంటే ఎంత ఇచ్చినట్టో లెక్క వేసి చూడమని నా మనవి. అప్పు చేసి పన్ను తగ్గించినా అంతే. ఇవాళ్టి అప్పు మన పిల్లలు కట్టబోయే పన్ను, దానికి వడ్డీ అదనం.

అందువల్ల ప్రభుత్వాన్ని కుదించే ప్రశ్న తప్పదు. అయితే కుదించడమంటే ఏమిటి? మనుషులను తీసేయడమే అనుకుంటే ఏమవుతుందో 1983లో చూశాం. రామారావుగారు అధికారంలోకి వచ్చిన కొత్తలో ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు ఒక్కసారిగా దించారు. వేలమంది ఒకేసారి ఇంటికి వెళ్ళారు, వాళ్ళకు పింఛను, గ్రాట్యుటీ వెంటనే ఇవ్వాల్సి వచ్చింది, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, వయసు చివరికి మళ్ళీ 58కే చేరింది. అప్పుడు కార్యాలయాల్లో మనుషులు తగ్గారే గాని అర్జీదారు దాటవలసిన గుమ్మాల్లో ఒక్కటీ తగ్గలేదు. మనిషి తగ్గి గుమ్మం మిగిలితే దాని ముందు క్యూ ఇంకాస్త పొడవవుతుంది, అంతే.

గ్రామ రెవెన్యూలోనూ అదే కథ. 1984లో కరణం, మునసబు వ్యవస్థను రద్దు చేశారు, అది జరగవలసిన పనే, తరతరాల పెత్తనం అది. కానీ ఆ కుర్చీ వేర్వేరు పేర్లతో తిరిగొచ్చి గ్రామ రెవెన్యూ అధికారిగా, అంటే వీఆర్వోగా స్థిరపడింది. తెలంగాణ 2020లో వీఆర్వోలను రద్దు చేసి, భూముల రికార్డులకు ధరణి పోర్టల్ తెచ్చింది. ఊళ్ళో చేయి తడపవలసిన మనిషి పోయాడు, సంతోషం. కానీ పేరులో ఒక అక్షరం తప్పు పడితే, సర్వే నంబరు పొరపాటున నిషేధిత జాబితాలోకి వెళితే, దాన్ని సరిచేసుకోవడానికి రైతు కలెక్టరేటు దాకా తిరగవలసి వచ్చింది. 2025లో చట్టం మార్చి, ధరణి స్థానంలో భూభారతి తెచ్చి, గ్రామ పాలన అధికారులను మళ్ళీ ఊళ్ళకు పంపారు. మనిషిని తీసేసి చిక్కును అలాగే ఉంచితే ఆ చిక్కు కంప్యూటరులోకి మారుతుంది, అక్కడ బతిమాలుకోవడానికి మొహం కూడా ఉండదు.

నేను కళ్ళారా చూసిన అసలైన కుదింపు ఒక్కటే, అది చెక్‌పోస్టుల తొలగింపు. రాష్ట్ర సరిహద్దులో రాత్రి డ్యూటీ చేసినవాడిగా చెబుతున్నాను. తాటికాయలంత అక్షరాలతో 'ఆగుము' అని రాసిన బోర్డు, దాని పక్కన అడ్డంగా దించిన ఇనుప గడ, గడకు చివర బరువు కోసం కట్టిన రాయి, ట్యూబులైటు చుట్టూ పురుగులు. లారీ క్లీనరు కుర్రాడు చొక్కా లోపల ప్లాస్టిక్ కవరులో దాచుకున్న వేబిల్లు తీసి, చెమటకు తడిసిన మూలలు తుడిచి ఇచ్చేవాడు. మూడు కాపీలు, మధ్యలో కార్బన్ పేపరు, ఊదారంగు సిరా ముద్ర. ఆ ముద్ర పడేలోపు రెండు మూడు గంటలు, పండగ రోజుల్లో ఇంకా ఎక్కువ. లోపల టమాటాలున్నా, మందులున్నా, మీ కుప్పడం చీరలున్నా గడకు తేడా తెలియదు. ఆ ఆలస్యానికి కిరాయి ఎవరు కట్టారు? లారీ యజమాని సరుకులో కలిపాడు, వ్యాపారి ధరలో కలిపాడు, చివరికి సంత దగ్గర బుట్ట పట్టుకుని నిలబడ్డ మనిషి కట్టింది. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక ఆ గడ ఎత్తారు, మళ్ళీ దించలేదు. మరుసటి ఏడాది ఏప్రిల్ నుంచి 50 వేలు దాటిన సరుకుకు ఫోనులోనే ఈ-వే బిల్లు వచ్చింది. అందులోనూ బాధలున్నాయి, కాదనను. కానీ నేను ఎరిగినంతలో ఏ ఉద్యోగీ రోడ్డున పడలేదు, వేరే సీట్లకు వెళ్ళారు. పోయింది గడ ఒక్కటే. గుమ్మం తీసేయడమంటే నా ఉద్దేశం ఇది.

2001లో హైదరాబాదులో ఈసేవ కేంద్రాలు తెరిచినప్పుడు కరెంటు బిల్లుకు ఒక క్యూ, నీటి బిల్లుకు ఇంకో క్యూ, ఆస్తి పన్నుకు మరొకటి అనే బాధ ఒక్క కిటికీకి తగ్గింది. 1991 జులై 24న పి.వి. నరసింహారావుగారు పరిశ్రమలశాఖను తన చేతిలోనే ఉంచుకుని, 18 పరిశ్రమలకు తప్ప మిగతా అన్నింటికీ లైసెన్సు అక్కరలేదని ప్రకటించినప్పుడు జరిగిందీ అదే, కాస్త పెద్ద ఎత్తున. స్కూటరు బుక్ చేసి పిల్లలు పెద్దవాళ్ళయ్యేదాకా ఎదురుచూసిన తరం మాది, ఆ మార్పు విలువ మాకు తెలుసు.

మీలో ఒకరు సభకు ముందు నన్ను అడిగారు, "పన్నులు తగ్గిస్తే మా పేటలో ఆసుపత్రి ఎలా నడుస్తుందండీ?" అని. అడగవలసిన ప్రశ్నే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సు ఉద్యోగం ఖాళీగా ఉంటే దాన్ని చిన్న ప్రభుత్వం అనరు, చేతగాని ప్రభుత్వం అంటారు. బడిలో పంతులు, ఆసుపత్రిలో నర్సు, కాలువ మీద లస్కరు, వీళ్ళను ముట్టుకోకూడదు, వీలైతే పెంచాలి. నేను తగ్గించమంటున్నది వాళ్ళ పైన పేర్చిన అంతస్తులను: నామినేటెడ్ పదవుల కోసమే పుట్టించిన కార్పొరేషన్లను, వాటి అధ్యక్షులకు కార్లను, గన్‌మెన్‌లను, ఒకే ప్రకటనను పది పత్రికల్లో మొదటి పేజీ నిండా వేయించే ఖర్చును, ప్రభుత్వం మారినప్పుడల్లా గోడలకు రంగులు మార్చే ఖర్చును. ఇవన్నీ కలిపినా బడ్జెట్‌లో ఎంతని ఆర్థికశాఖవారు నవ్వుతారు. వృత్తి పన్ను మాఫీకి మాత్రం అవి సరిపోవచ్చు, ముందు ఆ లెక్క బయటపెట్టమనండి.

ఇక్కడికి దగ్గరలోనే మోటుపల్లి ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన అభయశాసనం గుడి దగ్గర ఇప్పటికీ నిలిచి ఉంది. తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అంతకుముందు రాజులు సరుకంతా లాక్కునేవారనీ, తాము మాత్రం నిర్ణీత సుంకం తప్ప ఇంకేమీ ముట్టబోమనీ ఆయన రాయించాడు. ఎగుమతి, దిగుమతుల మీద సుంకం ముప్పయ్యోవంతు అని రాతి మీదే చెక్కించాడు. సుంకం తక్కువ కావడం మెచ్చుకోదగ్గ సంగతి, అది రాయి మీద ఉండడం ఇంకా మెచ్చుకోదగ్గ సంగతి. రేవులో దిగిన వ్యాపారి ఎవరినీ బతిమాలనక్కరలేదు, శాసనం చదువుకుని సొమ్ము లెక్కపెట్టుకుంటాడు. ఇవాళ మన ఇంటికి వచ్చే ఆస్తి పన్ను బిల్లు చదివి, అది ఎందుకు అంత వచ్చిందో చెప్పగలిగినవాళ్ళు ఈ సభలో ఉంటే నాకూ నేర్పండి. 2021లో మునిసిపాలిటీల్లో ఇంటింటికీ చెత్త పన్ను మొదలైంది. నెలకు కొన్ని పదుల రూపాయలే కదా అన్నారు. కట్టనివాళ్ళ గుమ్మం ముందు సిబ్బంది నిలబడి అడుగుతుంటే ఆడవాళ్ళు ఎదురు తిరిగిన దృశ్యాలు మీరూ చూసి ఉంటారు. 2024లో దాన్ని రద్దు చేశారు. చెత్త ఎత్తడానికి ఖర్చవుతుందని ఆ గృహిణులకు తెలియక కాదు, ఆస్తి పన్ను కట్టేది అందుకే కదా, మళ్ళీ ఇదేమిటని వాళ్ళు అడిగారు. 1920లో పేరాలవాళ్ళు అడిగిందీ సరిగ్గా ఇదే.

రామనగరం సంగతి ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. మునిసిపాలిటీ వద్దని వెళ్ళినవాళ్ళు అక్కడ ఏ ఏర్పాటూ లేకుండా లేరు. తగవులు తీర్చడానికి పంచాయతీ పెట్టుకున్నారు, కాపలా, సేవల బాధ్యత రామదండు చూసుకుంది. వాళ్ళకు పాలన అంటే పడక కాదు, ఆ పాలన చేసేవాడు పిలిస్తే పలికేంత దూరంలో ఉండాలన్నారు. బరంపురంలో గోపాలకృష్ణయ్యను అరెస్టు చేసి ఏడాది జైలు వేశాక, నడిపించేవాడు లేక, చేతిలో డబ్బు లేక, పదకొండు నెలలకు జనం మళ్ళీ ఇళ్ళకు వచ్చారు. ఓడిపోయారనే చాలామంది రాశారు. నేనైతే తిరిగొచ్చి తాళాలు తీసిన ఆ రోజు ఎన్ని మగ్గాలు చెదలు పట్టి ఉన్నాయో, మళ్ళీ పడుగు ఎక్కించడానికి నూలు ఎవరు అప్పిచ్చారో తెలుసుకోవాలని చాలా వెతికాను, దొరకలేదు. మీ ఇళ్ళల్లో ముసలివాళ్ళు చెప్పిన మాటలు ఏవైనా గుర్తుంటే సభ అయ్యాక నాకు చెప్పండి, రాసుకుంటాను.

నెలకు 30 వేల లోపు జీతాలకు వృత్తి పన్ను తీసేయమని కోరుతూ రాసిన వినతిపత్రం తలుపు పక్కన బల్ల మీద ఉంది. చదివి, నచ్చితేనే సంతకం పెట్టండి. దానికి ఆధార్ జిరాక్సు అక్కరలేదు, నోటరీ అక్కరలేదు, రేపు రమ్మని కూడా ఎవరూ అనరు.

నమస్కారం.